టీబీ క్రిమి వంశవృక్షం: తరచుగా అడిగే ప్రశ్నలు

టీబీ ఎలా సోకుతుంది, మందులు ఎన్నాళ్లు వాడాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబులు బోలెడన్ని చోట్ల దొరుకుతాయి. ఇక్కడున్నవి వేరే ప్రశ్నలు. ఈ క్రిమి ఎక్కడ పుట్టింది, ఎవరి వెంట ఎక్కడికి పోయింది, దారిలో ఏం మారింది, ఎందుకు మారింది అన్నవి. డీఎన్ఏ గురించి బళ్లో చదివింది కాస్త గుర్తుంటే చాలు. గుర్తు లేకపోయినా ఇబ్బందేమీ లేదు.

టీబీ అంటే ఒక్క జబ్బే కదా, అందులో మళ్లీ రకాలేమిటి?

జబ్బు ఒకటే, దాన్ని తెచ్చే క్రిమిది మాత్రం పెద్ద కుటుంబం. రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయకు మూలం ఇదేనని చూపించిన మైకోబ్యాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్ ఆ కుటుంబానికి పెద్ద. దాని దాయాదులు కొన్ని ఆవుల్లో, కొన్ని మేకల్లో, కొన్ని సముద్రపు సీల్ జంతువుల్లో కాపురం పెట్టాయి. మనుషుల్ని పట్టుకున్నవాటిలోనే ఇప్పటికి పది దాకా పెద్ద శాఖలు లెక్కకొచ్చాయి.

మాటల దగ్గరే చాలామంది తికమకపడతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. శాస్త్రవేత్తలు లీనియేజ్ అనేదాన్ని ఇక్కడ శాఖ అంటున్నాను. అది ఇంటిపేరు లాంటిది. స్ట్రెయిన్ అంటే ఆ ఇంటిపేరున్న వాళ్లలో ఒకానొక కుటుంబం. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన ఇద్దరూ దగ్గరి చుట్టాలు కానక్కర్లేదు కదా, ఇక్కడా అంతే.

ఇంత చెప్పినా, వీటి మధ్య తేడా చాలా స్వల్పం. మనుషులకు సోకే టీబీ క్రిముల్లో బాగా దూరపు చుట్టాలైన రెంటిని తీసుకుని డీఎన్ఏ పక్కపక్కన పెట్టి చూస్తే, 44 లక్షల అక్షరాల్లో రెండు వేలు అటూఇటూగా తేడా వస్తుంది. పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాలోనైతే రెండు స్ట్రెయిన్ల మధ్య జన్యువులకు జన్యువులే గల్లంతై ఉంటాయి.

ఆ 44 లక్షల అక్షరాలు ఎవరు చదివారు? ఏ క్రిమివి?

1998లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్, ఇంగ్లండ్‌లోని శాంగర్ కేంద్రం కలిసి చదివాయి. స్టీవర్ట్ కోల్ నాయకత్వంలో జరిగిన పని అది. దాదాపు 4 వేల జన్యువులు తేలాయి. చదివింది హెచ్37ఆర్‌వి అనే స్ట్రెయిన్‌ని. దాని పూర్వీకుడిని 1905లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారనాక్ లేక్ శానిటోరియంలో ఒక రోగి నుంచి వేరుచేశారు. అప్పటినుంచీ సీసా నుంచి సీసాకు మారుస్తూ దాని సంతతిని పోషిస్తూనే ఉన్నారు. టీబీ మీద పనిచేసే ఏ ప్రయోగశాలకు వెళ్లినా ఫ్రీజర్‌లో ఒక మూల ఈ పేరున్న గొట్టం కనిపిస్తుంది.

ఇక్కడో తిరకాసుంది. హెచ్37ఆర్‌వి నాలుగో శాఖకు చెందింది. ప్రపంచంలో ఏ టీబీ క్రిమి డీఎన్ఏ చదివినా దీనితో పోల్చే చూస్తారు. దీనిలో లేని ముక్క ఏదైనా ఇంకో శాఖలో ఉంటే, ఆ పోలికలో అది కనపడకుండా పోతుంది. పైగా పీఈ, పీపీఈ అనే రెండు జన్యు కుటుంబాలు జీనోమ్‌లో, అంటే క్రిమి మొత్తం డీఎన్ఏలో, పదో వంతు ఆక్రమించాయి. ఒకే మాట మళ్లీ మళ్లీ రాసినట్టుంటాయవి. డీఎన్ఏని చిన్న ముక్కలుగా చదివే యంత్రాలకు ఏ ముక్క ఎక్కడిదో తెలియక, చాలా అధ్యయనాల్లో ఆ భాగాన్ని పక్కన పెట్టేస్తారు. క్రిమి తన రహస్యాల్లో కొన్నింటిని సరిగ్గా అక్కడే దాచుకుందేమోనని నా అనుమానం.

ఈ క్రిమి ఎంత వేగంగా మారుతుంది?

నత్తనడకే. ప్రయోగశాలలో మాధ్యమం మీద, అంటే క్రిములకు వేసే మేత మీద, దీన్ని పెంచి చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. ఆకుపచ్చ రంగు మాధ్యమం పోసిన ఏటవాలు గొట్టంలో నమూనా వేసి, వారం వారం వెలుతురుకు ఎత్తి చూస్తూ ఉండాలి. మొదటి రెండు వారాలూ ఏమీ ఉండదు. మూడో వారం దాటాక ఎక్కడో గరుకుగా ఒక చుక్క. ఆరో వారానికి ఇసుక రంగులో, ముడతలు పడి, తీగతో గీకితే పొడిపొడిగా రాలే గుత్తులు. ఈ.కోలై 20 నిమిషాల్లో రెండింతలైతే, దీనికి 20 గంటల దాకా పడుతుంది.

డీఎన్ఏలో మార్పు కూడా ఇదే తీరులో ఉంటుంది. ఒక క్రిమి వంశంలో ఏడాదికి సగటున 0.3 నుంచి 0.5 అక్షరం మారుతుందని లెక్క. అంటే రెండు మూడేళ్లకో అక్షరం. పైగా చాలా బ్యాక్టీరియాల్లాగా ఇది పక్కవాటి దగ్గర జన్యువులు అరువు తెచ్చుకోదు. తల్లి దగ్గరున్నదే బిడ్డకు. ఒకసారి పోయిన ముక్క ఇక ఆ వంశంలో తిరిగి రాదు. వంశవృక్షం గీసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? పోయిన ముక్కలనూ మారిన అక్షరాలనూ పట్టుకుని ఏది ఎవరి బిడ్డో తప్పు లేకుండా చెప్పొచ్చు.

శాఖలు ఏవి, ఎక్కడెక్కడ ఉన్నాయి?

ఒకటో శాఖ హిందూ మహాసముద్రం చుట్టూ ఉంటుంది: తూర్పు ఆఫ్రికా, దక్షిణ భారతం, ఆగ్నేయాసియా, ఫిలిప్పీన్స్. రెండోది తూర్పు ఆసియాది. బీజింగ్ స్ట్రెయిన్లని పేరుమోసినవి ఇందులోవే. మూడోది ఉత్తర భారతం, పాకిస్తాన్, మధ్య ఆసియా, తూర్పు ఆఫ్రికాల్లో ఎక్కువ. నాలుగోది యూరప్, అమెరికా ఖండాలు, ఆఫ్రికాలో చాలా భాగం. అన్నింటికంటే దూరదూరాలకు పాకింది ఇదే.

ఐదు, ఆరు పశ్చిమ ఆఫ్రికా దాటి పెద్దగా బయటికి రాలేదు. గాంబియాలో గమనించినదాన్ని బట్టి, ఆరో శాఖ సోకినవాళ్లలో అది జబ్బుగా బయటపడడం కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఏడోది ఇథియోపియాకే పరిమితం. ఎనిమిదోది 2020లో లోకానికి తెలిసింది, అదీ రెండే రెండు నమూనాల్లో: రువాండాలో ఒకరు, ఉగాండాలో ఒకరు. అయితే చెట్టు మీద దాని చోటు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మిగతా శాఖలన్నీ విడిపోకముందే అది వేరుపడింది. తొమ్మిదోది తూర్పు ఆఫ్రికాలో 2021లో తేలింది. ఆ తర్వాత పదోది కూడా దొరికింది.

ఈ జాబితాలో ఆఫ్రికా పేరు ఎన్నిసార్లొచ్చిందో చూడండి. అన్ని శాఖలూ దొరికే ఖండం అదొక్కటే. పుట్టిల్లు అదేనని నమ్మడానికి ఇదే పెద్ద ఆధారం.

టీబీ ఆవుల నుంచి మనుషులకు వచ్చిందంటారు, నిజమేనా?

ఇరవయ్యో శతాబ్దమంతా పుస్తకాల్లో అలాగే రాశారు. పశువుల్ని మచ్చిక చేసుకున్నాక వాటి నుంచి మనకు అంటుకుందని. వినడానికి సబబుగానే ఉంది కూడా. 2002లో రోలాండ్ బ్రాష్ బృందం డీఎన్ఏలో పోయిన ముక్కల లెక్క తీసేసరికి కథ తిరగబడింది. మనుషుల క్రిమిలో ఉన్న కొన్ని ముక్కలు ఆవుల క్రిమి అయిన మైకోబ్యాక్టీరియం బోవిస్‌లో లేవు. పోయిన ముక్క తిరిగి రాదని పైన చెప్పుకున్నాం. అలాంటప్పుడు ముక్కలు పోగొట్టుకున్నది ముక్కలున్నదానికి తల్లి ఎలా అవుతుంది? రెంటికీ ఉమ్మడి పూర్వీకుడున్నాడు. ఆవుల శాఖ తర్వాత చీలిపోయి, దారిలో ఆస్తి కొంత పారేసుకుంది.

మరి ఆ పూర్వీకుడెవరు? ఆఫ్రికా ఈశాన్య మూలనున్న కొమ్ము ప్రాంతంలో, ముఖ్యంగా జిబూతీలో, మైకోబ్యాక్టీరియం కానెట్టీ అనే దగ్గరి చుట్టం దొరుకుతుంది. మాధ్యమం మీద గరుకుగా కాక నున్నగా పెరుగుతుంది. ఇది జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటుంది కూడా. మనిషి నుంచి మనిషికి పాకిన ఆనవాళ్లు మాత్రం కనపడవు, పరిసరాల్లోంచే సోకుతున్నట్టుంది. ఇలాంటి గుంపులోంచి ఒకటి నునుపు పోగొట్టుకుని, మనిషి ఊపిరితిత్తికి అలవాటుపడి, మిగతా బంధుత్వాలు తెంచేసుకుంటే వచ్చిందే మన టీబీ క్రిమి అని ఎక్కువమంది భావిస్తున్నారు.

ఎంత పాతది ఈ జబ్బు? 70 వేల ఏళ్లని ఒకచోట, 6 వేల ఏళ్లని ఇంకోచోట చదివాను.

రెండూ పెద్ద పత్రికల్లో అచ్చయినవే. ఇనాకీ కోమాస్, సెబాస్టియన్ గాన్యూ బృందం 2013లో 259 క్రిముల జీనోమ్‌లు చదివి చెట్టు గీసింది. ఆ చెట్టు కొమ్మలు, మనుషుల తల్లివైపు డీఎన్ఏతో గీసిన చెట్టు కొమ్మలు భలేగా కలిశాయి. దాంతో, ఆధునిక మానవుడు ఆఫ్రికా నుంచి బయల్దేరినప్పుడే క్రిమి కూడా మూటలో ఉందని, వయసు 70 వేల ఏళ్లని తేల్చారు.

మరుసటి ఏడాదే పెరూ నుంచి ఇంకో కబురొచ్చింది. దక్షిణ పెరూలో దాదాపు వెయ్యేళ్ల నాటి మూడు అస్థిపంజరాల ఎముకల్లోంచి టీబీ క్రిమి డీఎన్ఏ తీశారు. యూరప్ వాళ్లు అమెరికాలో అడుగుపెట్టక ముందు చనిపోయిన మనుషులు వాళ్లు. వాళ్లలో ఉన్నది మనిషి శాఖల్లో ఏదో ఒకటి అయ్యుంటుందని అనుకుంటాం. కాదు, సీల్ జంతువుల క్రిమికి దగ్గరిది! ఆఫ్రికా తీరంలో సీల్‌కు సోకి, సముద్రం దాటి, అక్కడి తీరంలో సీల్‌ను వేటాడిన మనిషికి అంటి ఉండాలి. ఈ మధ్య చదివిన శాస్త్ర విషయాల్లో నన్ను ఇంతగా ఆకట్టుకున్నది మరొకటి లేదు.

ఆ ఎముకల వయసు వేరే పద్ధతిలో తెలుసు కాబట్టి, అప్పటినుంచి ఇప్పటిదాకా ఎన్ని అక్షరాలు మారాయో లెక్కించి, మార్పుల వేగంతో కాలం కొలిచే గడియారాన్ని సరిచేశారు. అలా చూస్తే మొత్తం కుటుంబం వయసు 6 వేల ఏళ్ల లోపే అని వచ్చింది. 2020లో ఇంకో సాక్షి దొరికాడు. స్వీడన్‌లోని లుండ్ నగర బిషప్ పేడర్ విన్‌స్ట్రప్. 1679లో పోయాడు. దేహం చెక్కుచెదరకుండా మిగిలింది. స్కాన్ తీస్తే ఊపిరితిత్తిలో సున్నంలా గట్టిపడిన చిన్న గడ్డ కనిపించింది. శరీరం క్రిమి చుట్టూ గోడ కట్టి, అందులోనే పాతేసిన చోటు అది. ఆ గోడే మూడు శతాబ్దాలు డీఎన్ఏని కాపాడింది. బిషప్ చనిపోయిన ఏడాది కచ్చితంగా తెలుసు, డీఎన్ఏ శుభ్రంగా ఉంది, గడియారానికి ఇంతకంటే మంచి ముల్లు దొరకదు. ఆ లెక్క కూడా 6 వేల ఏళ్ల లోపే అంది.

అయినా తగువు తెగలేదు. ఇజ్రాయెల్ తీరంలో నీట మునిగిన అట్లిత్ యామ్ అనే 9 వేల ఏళ్ల నాటి ఊరి ఎముకల్లో టీబీ ఆనవాళ్లున్నాయని 2008లో ఒక బృందం చెప్పింది. అది నిజమైతే 6 వేల లెక్క నిలవదు. ఆ డీఎన్ఏ ముక్కలు మరీ చిన్నవని, మట్టిలోని వేరే మైకోబ్యాక్టీరియాలవి కావచ్చని అవతలివాళ్లు అంటారు. ఇంకో చిక్కు గడియారంలోనే ఉంది. తక్కువ కాలం మీద కొలిస్తే మార్పు వేగంగా, ఎక్కువ కాలం మీద కొలిస్తే నెమ్మదిగా కనిపించడం చాలా క్రిముల్లో మామూలే. నా మటుకు 6 వేల వైపే మొగ్గుతాను. కచ్చితమైన తేదీ ఉన్న సాక్ష్యాలన్నీ అటే ఉన్నాయి. ఇంకా పాత ఎముకలోంచి పూర్తి జీనోమ్ ఒక్కటి బయటపడితే మాత్రం మాట మార్చుకోవడానికి సిద్ధం.

ఎవరి వెంట ఎక్కడికి పోయిందో నిజంగా చెప్పగలరా?

కొన్నిచోట్ల వింతగా, శతాబ్దం దాకా చెప్పగలరు. కెనడా సంగతే చూడండి. 18, 19 శతాబ్దాల్లో ఫ్రెంచి కెనడియన్ వర్తకులు బొచ్చు తోళ్ల కోసం పడవలేసుకుని నదుల వెంట పశ్చిమానికి వెళ్లారు. అక్కడి ఆదివాసీ సమాజాలతో వ్యాపారం చేశారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. నాలుగో శాఖలోని ఒకానొక క్యూబెక్ స్ట్రెయిన్ వాళ్ల వెంట వెళ్లింది. ఆ కాలపు వర్తక మార్గాలూ, ఇవాళ ఆదివాసీ సమాజాల్లో దొరికే స్ట్రెయిన్ల చుట్టరికాలూ సరిపోతున్నాయని కైట్లిన్ పెపరెల్ బృందం 2011లో చూపించింది.

ఇందులో అసలు విషయం అది కాదు. క్రిమి అక్కడికి చేరాక వందేళ్లకు పైగా పెద్దగా అలికిడి చేయలేదు. చిన్న చిన్న గుంపుల్లో, బయట తిరిగే బతుకుల్లో అక్కడొకరికీ ఇక్కడొకరికీ సోకుతూ నెట్టుకొచ్చింది. ఆ మనుషుల్ని పందొమ్మిదో శతాబ్దం చివర్లో రిజర్వుల్లోకి (ఆదివాసీలకని కేటాయించిన చోట్లలోకి), పిల్లల్ని వసతి బడుల్లోకి తోసి, ఇరుకు గదులూ అర్ధాకలీ కల్పించాక మహమ్మారి విరుచుకుపడింది. క్రిమి అప్పుడు కొత్తగా రానూ లేదు, మారనూ లేదు. మనుషుల బతుకు మారింది. టీబీ జన్యువుల చరిత్రలో ఇదే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

మిగతావి క్లుప్తంగా. నాలుగో శాఖ ఆఫ్రికాలో, అమెరికాల్లో అంతగా పాకడం వెనుక యూరప్ వలస పాలన కాలపు రాకపోకలున్నాయి. ఒకటో శాఖ దక్షిణాసియా నుంచి హిందూ మహాసముద్రం ఒడ్డులకు పదే పదే ప్రయాణించింది.

ఒక శాఖ ఇంకో శాఖ కంటే ప్రమాదకరమా?

బీజింగ్ స్ట్రెయిన్లకు ఆ పేరుంది. 1990ల్లో బీజింగ్ పరిసరాల నమూనాల్లో ఒకే రకం డీఎన్ఏ ముద్ర పదే పదే కనిపించడంతో ఆ పేరొచ్చింది. వియత్నాంలోని హో చి మిన్ నగరంలో ఒకటో శాఖ పాతకాపు, బీజింగ్ కొత్తగా వచ్చింది. ఇద్దరినీ ఒకేచోట పోల్చి చూస్తే బీజింగే మనిషి నుంచి మనిషికి ఎక్కువగా పాకుతోందని 2018లో తేలింది. కాబట్టి క్రిమి గుణం కొంత ఉంది, కాదనలేం.

అంతా దాని గుణమే అంటే మాత్రం ఒప్పుకోను. 99 దేశాల నుంచి సేకరించిన దాదాపు 5 వేల బీజింగ్ నమూనాలను 2015లో విశ్లేషించినప్పుడు, వాటి సంఖ్య పెరిగిన సందర్భాలు పారిశ్రామిక విప్లవం, మొదటి ప్రపంచ యుద్ధం, హెచ్ఐవీ వ్యాప్తి రోజులతో సరిపోయాయి. సోవియట్ యూనియన్ కూలాక మందుల సరఫరా తెగిపోయిన ఆసుపత్రుల్లో, కిక్కిరిసిన జైళ్లలో మందులకు లొంగని బీజింగ్ స్ట్రెయిన్లు రాజ్యమేలాయి. అలాంటి జైల్లో వేరే ఏ శాఖను పెట్టినా బాగానే పెరిగి ఉండేది.

ఫలానా జాతివాళ్లకు ఫలానా శాఖే ఎక్కువ సోకుతుందా?

జాతి అనకుండా పుట్టిన ప్రాంతం అనండి, నిజానికి దగ్గరవుతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అన్ని దేశాలవాళ్లూ కలిసి బతుకుతారు. అయినా అక్కడి టీబీ రోగుల్లో, ఆ నగరంలోనే సోకినవాళ్లలో కూడా, ఎవరి పుట్టిన ప్రాంతపు శాఖ వారిలోనే ఎక్కువగా కనిపించింది. ఎవరు ఎవరితో ఎక్కువ మెలుగుతారన్నది ఒక కారణం కావచ్చు. క్రిమికీ మనిషికీ తరాల తరబడి కుదిరిన సయోధ్య మరో కారణం కావచ్చు. రెండోదానికి బలమిచ్చే గమనిక ఒకటి స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది: హెచ్ఐవీతో రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవాళ్లలో ఈ పొంతన చెదిరిపోయింది. కాపలా లేని ఇంట్లోకి ఏ క్రిమైనా వస్తుంది.

మనిషి జన్యువులు ఏమైనా మారాయా?

మారాయి. టైక్2 అనే జన్యువులో ఒక మార్పుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే ప్రతి వచ్చినవాళ్లకు టీబీ ముప్పు బాగా ఎక్కువ. యూరప్‌లోని పాత ఎముకల డీఎన్ఏని వరసగా చూస్తే, గత 2 వేల ఏళ్లలో ఆ మార్పు జనంలో తగ్గుతూ వచ్చింది. అంటే దాన్ని మోసినవాళ్లు బిడ్డల్ని కనకముందే పోయారన్నమాట. ఒక జబ్బు జనాభాను జల్లెడ పట్టిన తీరు ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు.

మన రోగనిరోధక వ్యవస్థకు చిక్కకుండా క్రిమి వేషం మారుస్తుందా, ఫ్లూ వైరస్ లాగా?

మార్చదు. 2010లో ఈ సంగతి బయటపడినప్పుడు చాలామంది నమ్మలేకపోయారు. మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు గుర్తుపట్టే ముక్కలే క్రిమి ప్రొటీన్లలో అన్నింటికంటే తక్కువగా మారాయి. దొంగ రోజూ అదే చొక్కాతో వస్తున్నాడంటే, పట్టుబడడం వాడికి లాభమన్నట్టేగా! టీబీ విషయంలో నిజంగానే లాభం. మన కణాలు క్రిమి మీద విరుచుకుపడే క్రమంలోనే ఊపిరితిత్తి కణజాలం కుళ్లి గుహలా బోలుపడుతుంది. ఆ గుహ గోడల్లో క్రిములు కోట్లలో పెరుగుతాయి. దగ్గితే తెమడతో పాటు గాల్లోకి వస్తాయి. మన ప్రతిఘటన లేకపోతే దానికి పక్క మనిషిని చేరే దారి సన్నబడుతుంది. కొత్త టీకాలు తయారుచేసేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి.

మందులకు లొంగని టీబీ ఎలా పుడుతుంది?

లెక్కతోనే చెప్పాలి. ఐసోనియాజిడ్ అనే టీబీ మందుకు లొంగని క్రిమి దాదాపు 10 కోట్లలో ఒకటి తనంతట తానే పుడుతుంది. మందు చూసి భయపడి మారేదేమీ లేదు, డీఎన్ఏ నకలు తీసేటప్పుడు దొర్లిన తప్పు అది. రిఫాంపిసిన్ అనే ఇంకో మందుకు లొంగనిది ఇంకా అరుదు. ఒక గుహలో క్రిములు 10 కోట్లు ఉండడం మామూలే. కాబట్టి ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే, చచ్చేవన్నీ చచ్చి, ఆ ఒక్కటీ మిగిలి, దాని సంతానంతో గుహ మళ్లీ నిండుతుంది. రెండు మందులూ కలిపి ఇస్తే రెంటికీ ఒకేసారి లొంగనిది ఉండే అవకాశం దాదాపు సున్నా. నాలుగు మందులతో మొదలుపెట్టడం వెనుక ఉన్నది ఈ గుణకారమే. 1940ల చివర్లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చిన రోగుల్లో చాలామంది ముందు కోలుకుని, నెలల్లోనే లొంగని క్రిములతో తిరగబెట్టుకున్నారు. అక్కడే ఈ పాఠం నేర్చుకున్నారు.

ఐసోనియాజిడ్ సంగతి ఇంకా తమాషా. అది మాత్రలో ఉన్నప్పుడు నిస్తేజం. క్రిమి లోపలికి వెళ్లాక, క్రిమి సొంత ఎంజైమ్ అయిన క్యాట్-జి దాన్ని తెరిచి విషంగా మారుస్తుంది. ఆ ఎంజైమ్‌లో 315వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం (ప్రొటీన్‌కు ఇటుక లాంటిది) మారితే చాలు, తన పని తాను చేసుకుంటుంది, మందును మాత్రం తెరవదు.

కొత్తగా వచ్చిన మొండి టీబీలన్నీ ఇటీవల పుట్టినవేనా?

కావు. దక్షిణాఫ్రికాలోని తుగేలా ఫెర్రీలో 2005, 2006లో బయటపడిన ఉదంతం గుర్తుండే ఉంటుంది. ఎన్నో మందులకు లొంగని టీబీ వచ్చిన 53 మందిలో 52 మంది చనిపోయారు. హెచ్ఐవీ పరీక్ష చేసిన వాళ్లందరిలోనూ అది ఉంది. ప్రపంచం ఉలిక్కిపడింది. తర్వాత ఆ స్ట్రెయిన్ జీనోమ్‌ని వెనక్కి నడిపించి చూస్తే, ఐసోనియాజిడ్ మార్పు 1950ల చివర్లోనే, అంటే ఆ మందు వచ్చిన కొన్నేళ్లకే జరిగింది. 1980ల్లో రిఫాంపిసిన్, 1990ల్లో మిగతావి. మెట్టు మీద మెట్టు కట్టుకుంటూ యాభై ఏళ్లు మన కళ్ల ముందే పెరిగింది. చూసే పరికరం మన దగ్గర లేదు, అంతే.

లొంగని గుణం వచ్చిన క్రిమి మొదట్లో కాస్త నీరసిస్తుంది. రిఫాంపిసిన్ నుంచి తప్పించుకునే మార్పు దాని ఆర్ఎన్ఏ తయారీ యంత్రాన్నే కుంటిదాన్ని చేస్తుంది. కొన్నాళ్లకు పక్క జన్యువులో ఇంకో మార్పొచ్చి ఆ కుంటితనాన్ని సరిచేస్తుంది. అలా సర్దుకున్నవే జనంలో పాకుతాయి. జీవితంలో ఒక్క టీబీ మాత్ర కూడా మింగని మనిషికి మొదటిసారే మొండి టీబీ రావడం ఇలాగే. మందులు సరిగా వాడలేదని అలాంటివారిని నిందించడం అన్యాయం.

గంటల్లో ఫలితమిచ్చే పరీక్ష అన్ని మార్పుల్నీ పట్టుకుంటుందా?

ఎక్కువ భాగం పట్టుకుంటుంది. రిఫాంపిసిన్ కోసం అది ఆర్‌పీఓ-బి జన్యువులో 81 అక్షరాల ముక్కను చూస్తుంది. లొంగని క్రిముల్లో 95 శాతం దాకా మార్పు అక్కడే ఉంటుంది. అయితే ఎస్వాటినీ దేశంలో, ఆ 81 అక్షరాలకు కాస్త అవతల, 491వ స్థానంలో మార్పున్న స్ట్రెయిన్ గుట్టుగా పాకింది. పరీక్షలో లొంగుతుందని వస్తుంది, రోగికి మందు పనిచేయదు. పరీక్ష చూడని చోట క్రిమి బతికి బట్టకట్టింది. అందుకే పూర్తి జీనోమ్ చదవడం పెరుగుతోంది. ఏ మార్పు ఏ మందును దెబ్బతీస్తుందో చెప్పే జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదటిసారి వెలువరించి, 2023లో సవరించింది.

ఎవరి నుంచి ఎవరికి సోకిందో జీనోమ్ చెబుతుందా?

కొంతవరకు. మూడు నమూనాలు వచ్చాయనుకోండి. మొదటిదానికీ రెండోదానికీ 2 అక్షరాల తేడా, మొదటిదానికీ మూడోదానికీ 40. వాడుకలో ఉన్న కొలత ప్రకారం తేడా 5 లోపుంటే ఇటీవల ఒకరి నుంచి ఒకరికి చేరి ఉండొచ్చు, 12 దాటితే అలా అనుకోవడానికి ఆస్కారం తక్కువ. కాబట్టి మూడో మనిషి అదే ఇంట్లో ఉన్నా క్రిమి బయటి నుంచే తెచ్చుకున్నట్టు. మొదటి ఇద్దరిలో ఎవరు ఎవరికి ఇచ్చారన్నది మాత్రం 2 అక్షరాలతో తేలదు. నడుమ మనకు తెలియని ఇంకో వ్యక్తి ఉండొచ్చు. ఎవరికి ఎప్పుడు దగ్గు మొదలైంది, ఎక్కడ కలిశారు అని కూర్చుని అడిగి తెలుసుకోవాల్సిందే. జీనోమ్ చేతికొచ్చిందని ఆ మాటామంతీ మానేస్తే పప్పులో కాలేసినట్టే.

ఒకే మనిషిలో రెండు స్ట్రెయిన్లు ఉంటాయా?

ఉంటాయి. హంగరీలోని వాట్స్ పట్టణంలో చర్చి నేలమాళిగలో దొరికిన 18వ శతాబ్దపు దేహాల్లో కూడా ఒక్కొక్కరిలో ఒకటికి మించిన స్ట్రెయిన్లు కనిపించాయి.

బీసీజీ టీకాలో ఉన్నది ఏ శాఖ?

మనుషులది కాదు, ఆవులది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు కాల్మెట్, గెరాన్ 1908 నుంచి 1921 దాకా లీల్ నగరంలో మైకోబ్యాక్టీరియం బోవిస్‌ను 230 సార్లు ఒక మాధ్యమం నుంచి ఇంకో మాధ్యమానికి మారుస్తూ సాధువును చేశారు. సాధువెలా అయిందో వాళ్లకూ తెలియదు. ఆర్‌డీ1 అనే ముక్క ఊడిపోయిందని 1990ల్లో గానీ బయటపడలేదు. ఆ ముక్కలో ఉండే ప్రొటీన్లతోనే ఇప్పుడు రక్తపరీక్ష చేస్తారు. టీకా వేయించుకున్నంత మాత్రాన అది పాజిటివ్ రాదు, అసలు క్రిమి సోకితేనే వస్తుంది.

నా శాఖ ఏదో తెలిస్తే వైద్యం మారుతుందా?

మారదు. ఏ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అన్నదే లెక్క.

ఒంట్లో నిద్రపోతున్న క్రిమి మారుతూ ఉంటుందా?

ప్రపంచ జనాభాలో నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకి ఉంటుందని అంచనా. వాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికే ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది, అదీ ఎక్కువగా మొదటి రెండేళ్లలో. మిగతావాళ్లలో అది ఏం చేస్తుందన్నదానిపై ఫలితాలు రెండు వైపులా ఉన్నాయి. కోతుల్లో చేసిన ప్రయోగంలో నిద్రలో కూడా మార్పులు వస్తూనే ఉన్నాయి. మనుషుల్లో చూసినవాటిలో కొన్ని, ఏళ్లు గడిచేకొద్దీ మార్పు బాగా మందగిస్తుందని చెప్పాయి.

డెన్మార్క్‌లో ఒక తండ్రికి 1961లో టీబీ వచ్చింది. అప్పటి క్రిమిని ఎండబెట్టి భద్రపరిచారు. 1994లో ఆయన కొడుక్కి టీబీ వచ్చింది. అప్పట్లో ఉన్న వేలిముద్రల్లాంటి పద్ధతిలో రెండు క్రిముల డీఎన్ఏనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒక్క గీత కూడా తేడా లేదు. 33 ఏళ్లు ఆ క్రిమి తండ్రి ఇచ్చినది ఇచ్చినట్టుగానే కొడుకు ఒంట్లో కూర్చుని ఉంది.